హైడ్రోజన్ నిల్వకు బరువు ఒక్కటే కొలమానమా?

సంపాదకులకు నమస్కారం.

సౌర, పవన విద్యుత్తు నిల్వ గురించి పత్రికల్లో వస్తున్న వ్యాసాలు సాధారణంగా రెండే మార్గాలు చూపిస్తున్నాయి. ఒకటి లిథియం అయాన్ బ్యాటరీలు. రెండోది, మిగులు విద్యుత్తుతో నీటిని విడగొట్టి తీసిన హైడ్రోజన్‌ను అధిక పీడనంతో సిలిండర్లలో నింపడం. లోహ హైడ్రైడ్ల, అంటే హైడ్రోజన్‌ను తమలో ఇముడ్చుకున్న లోహాల, ప్రస్తావన ఎప్పుడైనా వచ్చినా, అవి బరువెక్కువ కనుక పనికిరావన్న ఒక్క వాక్యంతో ముగిసిపోతోంది. కార్ల విషయంలో ఆ తీర్పు సరైనదే. కదలకుండా ఒకేచోట ఉండే నిల్వ కేంద్రాలకు కూడా దాన్నే వర్తింపజేయడం సమంజసం కాదని మనవి చేయడానికే ఈ లేఖ.

లోహాలు హైడ్రోజన్‌ను తమలో ఇముడ్చుకుంటాయన్నది కొత్త సంగతి కాదు. పల్లాడియం తన ఘనపరిమాణానికి వందల రెట్ల హైడ్రోజన్‌ను తీసుకుంటుందని రసాయన శాస్త్రవేత్త థామస్ గ్రాహం 1866లోనే ప్రకటించారు. హైడ్రోజన్ అణువు లోహపు ఉపరితలం మీద రెండు పరమాణువులుగా విడిపోతుంది. అవి లోహ స్ఫటికంలోని సందుల్లోకి చేరి అక్కడ స్థిరపడతాయి. ఈ అమరిక ఎంత దట్టమైనదంటే, సున్నాకు దిగువన 253 డిగ్రీలకు చల్లార్చిన ద్రవ హైడ్రోజన్ లీటరుకు సుమారు 71 గ్రాములు, 700 బార్ల పీడనంతో నింపిన సిలిండర్‌లో సుమారు 40 గ్రాములు మాత్రమే ఉండగా, లాంథనం నికెల్ మిశ్రలోహపు హైడ్రైడ్‌లో గది ఉష్ణోగ్రత దగ్గరే, కొద్దిపాటి పీడనంతోనే, లీటరుకు 100 గ్రాములకు పైగా ఇముడుతుంది. పొడి రేణువుల మధ్య ఖాళీలను, ట్యాంకు గోడలను, లోపలి గొట్టాలను లెక్కలోకి తీసుకుంటే ఈ ఆధిక్యం కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు.

ఇక బరువు సంగతి. ఆ మిశ్రలోహం తీసుకునే హైడ్రోజన్ దాని బరువులో దాదాపు 1.4 శాతమే కనుక, ఒక కిలో హైడ్రోజన్‌కు 70 కిలోల లోహం కావాలి. ఐదారు కిలోల హైడ్రోజన్‌తో నడవాల్సిన కారుకు అది మోయలేని భారమే. కానీ జర్మనీ తయారుచేసిన 212 రకం జలాంతర్గాములు, హైడ్రోజన్‌ను ఆక్సిజన్‌తో కలిపి విద్యుత్తు తీసే ఫ్యూయల్ సెల్‌లకు కావలసిన హైడ్రోజన్‌ను లోహ హైడ్రైడ్లలోనే మోసుకెళ్తున్నాయి; నీటిలో మునగాల్సిన నౌకకు బరువు పెద్ద అడ్డంకి కాదు. నేల మీద కట్టిన నిల్వ కేంద్రానికి అంతకంటే తక్కువ అడ్డంకి.

లాంథనం వంటి అరుదైన మృత్తికా లోహాల అవసరం లేని ఇనుము–టైటానియం మిశ్రలోహాన్ని అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలకు చెందిన రీలీ, విస్వాల్ 1974లోనే వివరించారు. అది ఆచరణలో తన బరువులో 1.5 శాతం హైడ్రోజన్‌ను తీసుకుని వదులుతుందనుకుందాం. ఒక టన్ను లోహంలో 15 కిలోల హైడ్రోజన్, అంటే సుమారు 500 యూనిట్ల శక్తి ఉంటుంది. ఫ్యూయల్ సెల్ దానిలో సగాన్నే విద్యుత్తుగా మార్చినా 250 యూనిట్లు చేతికొస్తాయి. ట్యాంకు బరువును పక్కన పెట్టి చూస్తే, ఇది టన్ను లిథియం బ్యాటరీలు ఇచ్చేదానికి తీసిపోదు. బరువు వాదాన్ని ముందుకు తెచ్చేవారు ఈ లెక్క వేసి చూసినట్లు నాకు కనిపించలేదు.

అసలు చర్చ జరగాల్సింది వేడి గురించి. స్పాంజి నీటిని పీల్చుకున్నట్లు లోహం హైడ్రోజన్‌ను పీల్చుకుంటుందని రాయడం పరిపాటి అయింది. ఆ పోలిక ముఖ్యమైన విషయాన్నే మరుగుపరుస్తోంది. హైడ్రోజన్ లోహంలోకి చేరేటప్పుడు వేడి పుడుతుంది, దాన్ని ఎప్పటికప్పుడు తొలగించకపోతే నింపడం ఆగిపోతుంది. బయటికి రావాలంటే అంతే వేడిని మళ్లీ అందించాలి. లాంథనం నికెల్ వంటి మిశ్రలోహాలకు కిలో హైడ్రోజన్‌కు సుమారు 4 యూనిట్ల వేడి కావాలి. పాలిమర్ పొర రకం ఫ్యూయల్ సెల్ 60–80 డిగ్రీల దగ్గర వృథాగా వదిలే వేడి దీనికి సరిపోతుంది. మెగ్నీషియం హైడ్రైడ్ 7.6 శాతం హైడ్రోజన్‌ను ఇముడ్చుకుని కాగితం మీద ఎంతో ఆకర్షణీయంగా కనిపిస్తుంది గానీ, అది కిలోకు 10 యూనిట్లకు పైగా వేడిని, అదీ 300 డిగ్రీల ప్రాంతంలో, కోరుతుంది. హైడ్రోజన్‌లో ఉన్న శక్తిలో దాదాపు మూడో వంతు దాన్ని బయటికి తీయడానికే ఖర్చయ్యే పదార్థాన్ని, బరువు తక్కువన్న ఒక్క కారణంతో, పక్కనే అధిక ఉష్ణోగ్రత వేడి ఉచితంగా దొరకని చోట గొప్పదనడం ఎలా కుదురుతుంది?

హైడ్రైడ్లకు ఉన్న లోపాలను దాచడం నా ఉద్దేశం కాదు. ఇనుము–టైటానియాన్ని మొదటిసారి పనిలోకి తేవడానికి వేడిచేసి, పీడనంతో పదేపదే హైడ్రోజన్‌ను ఎక్కించాల్సి వస్తుంది. వాయువులో ఆక్సిజన్, తేమ, కార్బన్ మోనాక్సైడ్ జాడలున్నా ఉపరితలం మొద్దుబారుతుంది. నింపి ఖాళీ చేసిన కొద్దీ లోహం ఉబ్బి, కుంచించుకుని, సన్నని పొడిగా మారుతుంది. ఆ పొడిలో వేడి ప్రసరణ మందగిస్తుంది. పైగా విద్యుత్తును హైడ్రోజన్‌గా మార్చి తిరిగి విద్యుత్తు తీస్తే మొత్తం మీద మిగిలేది మూడో వంతుకు అటూ ఇటూగానే ఉంటుంది కనుక, పగటి మిగులును రాత్రికి వాడుకోవడానికి బ్యాటరీయే మేలు. వారాల తరబడి, ఒక రుతువు నుంచి మరో రుతువు దాకా, ఒత్తిడి గల సిలిండర్లు పెట్టడానికి వీలులేని చోట శక్తిని దాచుకోవలసి వచ్చినప్పుడే హైడ్రైడ్ల వంతు వస్తుంది.

కొత్త నిల్వ పదార్థాల వార్తలు ప్రచురించేటప్పుడు, అది బరువులో ఎంత శాతం హైడ్రోజన్ తీసుకుంటుందన్న అంకెతో ఆపకుండా, ఏ ఉష్ణోగ్రత దగ్గర, ఎంత వేడి ఇస్తే దాన్ని తిరిగి ఇస్తుందో, ఎన్నిసార్లు నింపి ఖాళీ చేసి పరీక్షించారో కూడా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు