టైరులో గాలి ఎంత పెట్టాలి బావా?

ఒరేయ్ బావా,

నిన్న రాత్రి గ్రూపులో నువ్వు పెట్టిన ఫోటో చూశాను. "ఫ్రెండ్స్, వెనక టైరులో గాలి ఎంత పెట్టాలి?" అని అడిగావు. అడిగింది టైరు గురించే గానీ ఫోటోలో టైరు ఓ మూలన సగం తెగిపోయి ఉంది, నట్టనడుమ డిక్కీ మీద, స్కోడా వాళ్ళు వేగంగా పోయే బండ్లకే పెట్టే ఆర్‌ఎస్ బ్యాడ్జి తళతళలాడుతోంది. జూమ్ చేసి చూస్తే దాన్ని తడిగుడ్డతో తుడిచిన గీతలు కూడా కనబడ్డాయి. ఇరవై ఏళ్ళ నుంచి కార్లు నడుపుతున్నవాడివి, పెట్రోలు మూత తెరిస్తే లోపలి స్టిక్కరు మీద గాలి లెక్క మొత్తం అచ్చేసి ఉంటుందని నీకు తెలీదంటే నమ్మడానికి నేనేమన్నా నిన్ననే పుట్టానా!

"ఆక్టేవియా ఆర్‌ఎస్ కొన్నానహో" అని ఒక్క ముక్క రాస్తే పోయేది కదరా. సెకండ్ హ్యాండ్ అయితే ఏం, 2.0 టీఎస్‌ఐ టర్బో పెట్రోలు ఇంజను, 230 పీఎస్ (గుర్రాల బలం), మన ఇద్దరి పాత బండ్లూ కలిపినా అంత లేదు. నేను ముందు నవ్వుకున్నాను, తర్వాత లైకు కొట్టాను, ఆ తర్వాత నిద్రపట్టక ఇదిగో ఈ ఉత్తరం మొదలెట్టాను. వాట్సాప్‌లో రాస్తే మూడో లైను దాటి చదవవు, అందుకని.

నిన్ను అనే అర్హత నాకేం లేదులే. పోయిన నెల నేనూ మా కంప్యూటరు గ్రూపులో ఇదే పని చేశాను. కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టుకుని, "71 డిగ్రీలు వస్తోంది, కంగారు పడాలా?" అని స్క్రీన్‌షాట్ వేశాను. 71 డిగ్రీలకి ఎవడూ కంగారు పడడు, నేనూ పడలేదు. ఆ డిగ్రీల పైన కార్డు పేరు కనబడాలి, అంతే. గంటలో ముప్ఫై మంది వచ్చారు. ఒక్కడూ డిగ్రీల గురించి మాట్లాడలేదు, అందరూ కార్డు గురించే. అంటే అందరికీ అర్థమైంది, నాకూ హాయిగా ఉంది. ఈ నాటకం నీ కార్లవాళ్ళకీ మా కంప్యూటర్లవాళ్ళకీ ఒక్కటే. బడాయిని ప్రశ్న కిందో, బాధ కిందో మార్చి చెప్పాలి. "స్పీడ్ బ్రేకర్ దగ్గర కింద తగులుతోంది అన్నా" అంటే బండి కిందకి దించానని. "కార్డు పెద్దదైపోయి కేబినెట్‌లో పట్టట్లేదు" అంటే అదెంత పెద్దదో అడగండని. "ఈ రెండు కార్లలో మా ఆవిడకి ఏది తీసుకోను" అంటే ఇంట్లో ఇప్పటికే ఒకటి ఉందని.

మన హాస్టల్లో ఆ ఫైనలియర్ అన్న గుర్తున్నాడా, పేరెందుకులే, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల బజారు సీటీసీలో విడి భాగాలు ఒక్కొక్కటీ బేరమాడి కొని కంప్యూటరు కట్టుకున్నాడే, ఆయన. ప్రాసెసరు ఇంటెల్ వాళ్ళ చవక రకం, సెలెరాన్ 300ఏ. ఇంటెల్ 1998 ఆగస్టులో ఆ చిప్పుకి పెట్టిన టోకు ధర 149 డాలర్లు, అప్పుడే వచ్చిన వాళ్ళ ఖరీదైన చిప్పు పెంటియం టూ 450కి 669 డాలర్లు. సెలెరాన్ లెక్క ఏమిటంటే బోర్డు ఇచ్చే 66ని నాలుగున్నరతో గుణించడం, అంటే సుమారు 300 మెగాహెర్ట్జ్ వేగం. ఆ 66ని 100 చేస్తే 450 అయి కూర్చుంటుంది. బోర్డు ఒప్పుకోకపోతే చిప్పు కార్డు మీద బి21 అనే పిన్నుకి ఓ చిన్న టేపు ముక్క అంటిస్తే చాలు, బోర్డు నమ్మేసి వంద ఇచ్చేస్తుంది. కేబినెట్ తలుపు ఊడదీసి, పక్కన స్టూలు మీద టేబుల్ ఫ్యాను పెట్టి, ఆయన మనందరినీ గదికి పిలిచి చూపించాడు. అది బడాయి కాదా? పచ్చి బడాయి! లుంగీలో నిలబడి కాలరెగరేశాడు మహానుభావుడు. కానీ ఆ రాత్రి మనం గదిలోంచి బయటికొచ్చేసరికి టేపు ఎక్కడ అంటించాలో, ఎందుకు అంటించాలో మనకి వచ్చేసింది. చిప్పు చేతికందేలా ఉండే చిన్న మెమరీ, అదే క్యాష్, 128 కేబీయే అయినా చిప్పులోనే ఉండి పూర్తి వేగంతో నడుస్తుంది, పెంటియం టూ క్యాష్ 512 ఉన్నా సగం వేగంతోనే నడుస్తుంది, అందుకే ఇది దానితో పోటీ పడగలుగుతోంది అని కూడా ఆయనే చెప్పాడు. అందరి చిప్పూ 450 ఎక్కదు, అదృష్టం కూడా ఉండాలి అని కూడా దాచకుండా చెప్పాడు.

ఆ రోజుల్లో ఎచ్చులన్నీ ఎంత తక్కువలో ఎంత పిండామన్న దాని మీదే ఉండేవి. ఇప్పుడు ఎంత పెట్టామన్నదే. అద్దం కేబినెట్టు, లోపల పెళ్ళి పందిరిలాగా రంగురంగుల లైట్లు, ఓ మూల వాటర్ కూలింగ్ పైపులు. అవి చూసి నేను కుళ్ళుకోవట్లేదు (కొంచెం కుళ్ళుకుంటున్నాను), కాకపోతే ఆ ఫోటో చూశాక అడగడానికి ఏమీ ఉండదు. "కంగ్రాట్స్ బ్రో" అనడం తప్ప ఏం చేస్తాం?

ఇంకో రకం వాళ్ళున్నారు, విండోస్ బదులు లైనక్స్ అనే ఉచిత సిస్టం వాడేవాళ్ళు. వీళ్ళు డబ్బు చూపించరు, అది నచ్చుతుంది. నియోఫెచ్ అని ఒక ప్రోగ్రాము ఉండేది, 2024లో దాన్ని రాసినవాళ్ళు ఆపేశారు, ఇప్పుడు దాని జాగాలో వేరేవి వాడుతున్నారు. అది చేసే పనల్లా మన కంప్యూటర్లో ఏముందో మనకి చూపించడం. ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏది, పక్కన ఓ అందమైన బొమ్మ. తన కంప్యూటర్లో ఏముందో తనకి తెలీనివాడు లైనక్స్ ఎక్కిస్తాడా చెప్పు? స్క్రీన్‌షాట్ తీయడానికి తప్ప దానితో ఇంకో ఉపయోగం నాకైతే తెలీదు. ఇంకొంతమంది "నా సర్వరు తొమ్మిదొందల రోజులుగా ఆగకుండా నడుస్తోంది" అని ఫోటో పెడతారు. అంటే, నాయనా, తొమ్మిదొందల రోజుల నుంచి కర్నెల్ (సిస్టం గుండెకాయ) మార్చి, భద్రతా లోపాలు సరిచేసి రీస్టార్ట్ చెయ్యలేదన్నమాట, ఇంటి తాళం మార్చలేదని వీధిలో చాటింపు వేసుకున్నట్టు.

మా వాళ్ళలో ఒక్క మంచి అలవాటుంది, రుజువు అడుగుతారు. ఎవడైనా "నా చిప్పు 6 గిగాహెర్ట్జ్ కొట్టింది" అంటే వెంటనే చిప్పు వేగాన్ని చూపించే సీపీయూ-జెడ్ ప్రోగ్రాము ఇచ్చే రుజువు లింకు పెట్టమంటారు. అది పెట్టినా ఊరుకోరు, ఆ వేగంతో ఎంతసేపు నిలబడింది అంటారు. 2011లో ఏఎమ్‌డీ వాళ్ళ ఎఫ్‌ఎక్స్-8150 చిప్పుని 8.429 గిగాహెర్ట్జ్‌కి తీసుకెళ్ళి గిన్నిస్ రికార్డు కొట్టారు. చల్లబరచడానికి ద్రవ హీలియం పోశారు, మైనస్ 269 డిగ్రీలకి మరిగే సరుకు అది. ఎనిమిది కోర్ల చిప్పులో రెండే కోర్లు ఆన్ చేశారు. రికార్డు రికార్డే, కాదనను. ఏ షరతుల మీద వచ్చిందో పక్కనే రాశారు కాబట్టి నాకు గౌరవం.

నా సంగతి విను. మొన్న మే నెలలో, బెజవాడ ఎండ నీకు తెలుసు కదా, కంప్యూటరు వేగాన్ని కొలిచే పరీక్షలో స్కోరు పెంచే పిచ్చి నాకు పట్టింది. గ్రూపులో ఒకడు చలిదేశంలో కిటికీ తీసి కంప్యూటర్ని మంచుగాలికి పెట్టి స్కోరు తెచ్చాడు. మనకి మంచెక్కడిది? ఏసీ 18 మీద పెట్టి, కేబినెట్ పక్క తలుపు ఊడదీసి, దాన్ని రెండు కుర్చీల మీద ఎత్తి ఏసీ గాలి సూటిగా తగిలేలా నిలబెట్టాను. అమ్మ మంచినీళ్ళ కోసం లేచి చూసి, "దానికి జ్వరమేమన్నా వచ్చిందిట్రా?" అంది. రాత్రి ఒంటిగంటకి స్కోరు వచ్చింది, పెట్టేశాను, చప్పట్లు వచ్చాయి. తెల్లారేసరికి కాలేజీ కుర్రాడొకడు మర్యాదగానే అడిగాడు, "అంకుల్, ఇదే సెట్టింగ్‌తో ఒక గంట స్ట్రెస్ టెస్ట్ నడిపి చూపిస్తారా?" అంకుల్ అన్నందుకు ముందు మండింది. సరేనని, కంప్యూటర్ని పూర్తి బరువు మీద పరిగెత్తించే ఆ టెస్ట్ నడిపాను. పదకొండో నిమిషంలో స్క్రీను నల్లబడిపోయి దానంతటదే రీస్టార్ట్ అయింది. మళ్ళీ నడిపాను, ఈసారి ఏడో నిమిషం. రెండ్రోజులు గ్రూపు మొహం చూడలేదు. తర్వాత సిగ్గు విడిచి అదే రాశాను, ఇన్ని నిమిషాలకి పడిపోయింది, వోల్టేజి ఇంత పెట్టాను అని. ఆ కుర్రాడే ఏ సెట్టింగ్ తగ్గించాలో చెప్పాడు. ఇప్పుడు స్కోరు కొంచెం తక్కువ, కానీ రాత్రంతా నడిచినా పడిపోదు.

మీ కార్లవాళ్ళలో ఈ రుజువు గొడవ ఇంకా మజాగా ఉంటుంది. బండి పవర్ కొలిచే యంత్రం, డైనో, ఇచ్చిన షీటు పెడతారు, ఇంత పవర్ వచ్చింది అని. అది చక్రాల దగ్గరదా, ఇంజను దగ్గరదా అని అడిగితే సగంమంది మాయం. చక్రాల దగ్గర కొలిచిందానికి గేర్‌బాక్సులో పోయేదంతా అంచనాగా కలిపి రాస్తే ఏ బండికైనా పవర్ పెరుగుతుంది. గాలి వేడికీ ఒత్తిడికీ కరెక్షన్ అని ఇంకో అంకె ఉంటుంది, అది కొంచెం అటూ ఇటూ జరిపితే ఇంకొన్ని గుర్రాలు పుట్టుకొస్తాయి. నువ్వు కూడా స్టేజ్ వన్ రీమ్యాప్, అంటే ఇంజను కంప్యూటర్లో సెట్టింగులు మార్చి పవర్ పెంచడం, చేయిస్తావని నాకు తెలుసు, మూడొందల దగ్గరికి పోతుందని చేసేవాళ్ళు ఊరిస్తారు. చేయించుకో, కానీ చేయించే ముందు ఒక షీటు, చేయించాక ఒక షీటు, రెండూ ఒకే డైనో మీద తీసి పెట్టు, అప్పుడు నమ్ముతాను.

స్పీడోమీటరు ఫోటోలు మాత్రం వద్దురా. అవి అసలు కంటే ఎక్కువే చూపిస్తాయి, తక్కువ చూపించకూడదన్నది రూలు. పైగా 158 కిలోమీటర్ల హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు మీద కెమెరాలుండగా నీ మీద నువ్వే సాక్ష్యం ఇచ్చుకున్నట్టు. ఇంకొకళ్ళు మైలేజీ ఫోటో పెడతారు, "24 ఇచ్చింది అన్నా" అని. మీటరు ఎక్కడ జీరో చేశాడు? ఫ్లైఓవర్ దిగే ముందు. ఫుల్ ట్యాంక్ కొట్టించి, తిరిగి, మళ్ళీ అదే బంకులో ఫుల్ చేసి లెక్కేస్తే 19 కూడా ఉండదు. మనవాళ్ళే కాదు, కార్ల కంపెనీలూ అంతే. జర్మనీలో నూర్బర్గ్‌రింగ్ ఉంది కదా, 20.8 కిలోమీటర్ల ట్రాక్, అక్కడ ఏళ్ళ తరబడి రెండొందల పైచిలుకు మీటర్లు వదిలేసి 20.6 కిలోమీటర్ల టైములు చెప్పుకునేవాళ్ళు. 2019 నుంచి మొత్తం చుట్టే లెక్క.

నంబరు ప్లేటు వాళ్ళ గురించి ఏమీ రాయను. ఖైరతాబాద్ ఆర్టీఏ వేలంలో 9999 నంబరు కోసం ఇరవై లక్షలు దాటించి పాడుకునేవాళ్ళతో నాకు మాటల్లేవు. సైలెన్సర్ల వాళ్ళ గురించి మాత్రం ఒక్క మాట. చెవులు చిల్లులు పడే సైలెన్సరు బిగించి, దాన్ని వీడియో తీసి పెడతారు, ఫోను మైకులో అది ప్రెషర్ కుక్కరు విజిల్ లాగా వినబడుతుంది. విశాఖలో పోలీసులు అలాంటివన్నీ ఊడబీకి రోడ్డు మీద వరసగా పేర్చి రోడ్డు రోలరుతో తొక్కించారు. ఆ వీడియోకి మాత్రం సౌండు బాగా వచ్చింది.

అసలు నీకు చెప్పాలనుకున్నది వేరే. నీ పాత మారుతి జెన్ గుర్తుందా? కార్బురేటర్ బండి. పొద్దున్నే స్టార్ట్ అయ్యేది కాదు, ముగ్గురు మెకానిక్కులు మూడు రకాలుగా చెప్పారు. నువ్వు ఆటోనగర్‌లో ఒక ముసలాయన పక్కన ఆదివారమంతా కూర్చుని, కార్బురేటరు విప్పించి, పెట్రోలు వచ్చే సన్న రంధ్రం ఉన్న జెట్టు లోపల ఇరుక్కున్న వెంట్రుకంత చెత్త పట్టుకున్నావు. తీగ పెట్టి పొడవకూడదు, రంధ్రం పెద్దదవుతుంది, గాలి కొట్టాలి అని ఆయన చెప్పింది కూడా రాశావు. ఫోటోలో నీ చెయ్యి గ్రీజుతో నల్లగా, అరచేతిలో ఆ ఇత్తడి జెట్టు, పక్కన సైజు తెలియడానికి రూపాయి బిళ్ళ. అదీ గొప్ప చెప్పుకోవడమేరా! "ముగ్గురికి దొరకంది నాకు దొరికింది" అని ప్రతి లైనులోనూ ఉంది. కానీ ఆ పోస్టు చదివి నా బండికి నేనే చేసుకున్నాను. వారం తర్వాత కూడా ఎవడో ఒకడు "అన్నా, నాదీ స్టార్ట్ అయింది" అని రాస్తూనే ఉన్నాడు. నిన్నటి టైరు ఫోటోకి ఎనభై మంది వచ్చారు, చూశాను, ఎవడికీ ఏమీ దొరకలేదు. గాలి ఎంతో కూడా ఎవడూ చెప్పలేదు చూడు.

కాబట్టి ఆ ఫోటో తీసెయ్యమని అనను. దాని కింద ఉన్నది ఉన్నట్టు రాయి. ఎన్ని కిలోమీటర్లు తిరిగిన బండి, సర్వీసు రికార్డు ఎలా పట్టావు, గేర్‌బాక్సు ఎవరితో చూపించావు, ఎక్కడ మోసపోబోయి తప్పించుకున్నావు. నువ్వు మూడు నెలలు వెతికావని చెల్లాయి చెప్పింది. మూడు నెలల సరుకు నీ దగ్గరుంటే బ్యాడ్జి ఒక్కటి చూపిస్తావేంట్రా? అన్నట్టు, మొత్తం ఎంత పడిందో చెల్లాయికి తెలీదనిపించింది మాటల్ని బట్టి. నేనేం చెప్పలేదు.

వచ్చే నెల బండేసుకుని బెజవాడ రా. అమ్మ గోంగూర పచ్చడి పెడుతోంది, రెండు సీసాలు నీకే. బందరు రోడ్డు మీద ఓ రౌండు తిప్పు, టైరుల్లో గాలి నేనే చూస్తాను.

ఇట్లు,
నీ పాత రూమ్మేటు

తా.క.: కేబినెట్ వెనకవైపు వైర్లన్నీ నిన్న మళ్ళీ విప్పి కట్టాను, ఫోటో జత చేస్తున్నాను. ఎడమవైపు కట్ట కొంచెం వంకరగా ఉందా? నిజం చెప్పు. పక్కన టేబుల్ మీద కనబడే గ్రాఫిక్స్ కార్డు డబ్బా సంగతి పట్టించుకోకు, అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది.