పీల్చే మందు మీద నేరం మోపకండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఆయాసానికి ఇన్‌హేలర్ పీల్చే పిల్లల్ని పట్టుకుని పోటీల దగ్గర ‘డోపింగ్ చేస్తున్నారు’ అని ఆడిపోసుకోవడం మన కోనసీమలో మొదలైంది. ఇది ముదరకముందే ఆగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను హైస్కూల్లో పీఈటీగా చేసి రిటైరయ్యాను. ఇప్పటికీ పొద్దున్నే కాలవగట్టు మీద సైకిల్ తొక్కే పిల్లల వెంట ఉంటాను.

ఈ మధ్య ఒక సైకిల్ పోటీలో తొమ్మిదో తరగతి అమ్మాయి బయల్దేరే ముందు రెండు పఫ్‌లు పీల్చి, రెండో స్థానంలో వచ్చింది. అవతలి జట్టు తాలూకు పెద్దలు గొడవ పెట్టారు. “ఫ్రూమ్ అంతటివాడే ఆ మందుతో దొరికిపోయాడు కదండీ” అని ఒకాయన బ్రిటన్ సైకిల్ రైడర్ క్రిస్ ఫ్రూమ్ పేరు ఎత్తి గట్టిగా అన్నాడు. నిర్వాహకులు నిబంధన ఏమిటో చూడకుండా, అందరి ముందూ ఆ పిల్లని నిలబెట్టి, ఫలితం పక్కన పెట్టారు. తర్వాత వాళ్లమ్మ నాతో చెప్పిన మాట మాత్రం నన్ను భయపెట్టింది: “అది పీలిస్తే దొంగాటంటున్నారండి మాస్టారూ, అందుకని మాన్పించేశామండి.” పతకం పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు. ఉబ్బసం ఉన్న పిల్ల మందు మానేసి పందెంలో దిగితే ప్రాణం మీదకొస్తుంది.

ఫ్రూమ్ పేరు ఎత్తినవాళ్లు ఆ కథ చివరిదాకా తెలుసుకోవాలి. 2017 సెప్టెంబరు 7న స్పెయిన్‌లో రోజుకో దశగా మూడు వారాలు సాగే వూల్టా సైకిల్ పందెంలో, 18వ దశ రోజున క్రిస్ ఫ్రూమ్ ఇచ్చిన మూత్ర నమూనాలో, ఇన్‌హేలర్‌లో ఉండే సాల్బుటమాల్ అనే మందు మిల్లీలీటరుకు 2000 నానోగ్రాములు తేలింది. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ ‘వాడా’ పెట్టిన గీత 1000. ఈ మందు విషయంలో గీత దాటగానే నేరుగా సస్పెండ్ చేయరు, ముందు వివరణ అడుగుతారు. ఆ విచారణ సాగేటప్పుడు పేరు బయటికి రాకూడదు, కానీ డిసెంబరులో పత్రికలకు పొక్కింది. మూత్రం చిక్కదనాన్ని బట్టి సవరించాక ఆ 2000 కాస్తా 1429 అయింది. కొలతలో తేడాలకు వదిలే మినహాయింపుతో కలిపి చూస్తే హద్దు 1200. అంటే అప్పటికీ హద్దు దాటినట్టే. కానీ వారాల తరబడి రోజూ తొక్కుతూ, ఒంట్లో బాగాలేక మందు పెంచుకున్న మనిషి శరీరం ఆ మందును ఏ రోజు ఎంత బయటికి పంపుతుందో ప్రయోగశాలలో అవే పరిస్థితులు తెచ్చి తేల్చలేమని వాడా ఒప్పుకుంది. 2018 జులై 2న అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య కేసు మూసేసింది. అయినా ఆ నెల టూర్ దె ఫ్రాన్స్ సైకిల్ పందెంలో దారి పొడుగునా జనం అతన్ని గేలి చేశారు, ఉమ్మేశారు.

అనుమానించేవాళ్ల బాధ నాకు అర్థం కాకపోలేదు. 2007లో ఇటలీలో జరిగే ‘జిరో ద ఇటాలియా’ సైకిల్ పందెంలో అలెస్సాండ్రో పెటాక్కి అనే రైడర్ నమూనాలో ఇదే మందు 1352 వచ్చింది. మోసం చేసే ఉద్దేశం అతనికి లేదని క్రీడా న్యాయస్థానమే అంటూ, ఏడాది నిషేధం వేసింది. అతను గెలిచిన 5 దశలూ లెక్కలోంచి పోయాయి. చిక్కదనం సవరణ అప్పటికి లేదు. 2014లో డియెగో ఉలిస్సీ అనే మరో రైడర్‌కు 1900 వచ్చింది, 9 నెలలు ఆటకు దూరమయ్యాడు. ఫ్రూమ్ వెనక పెద్ద జట్టు, లాయర్లు, నిపుణులు ఉన్నారు. మిగతా ఇద్దరికీ అంత బలగం లేదు. ఈ తేడా నన్నూ కలచివేస్తుంది. ఇక బ్రిటన్ రైడర్ బ్రాడ్లీ విగ్గిన్స్ సంగతి వేరు. 2012 టూర్ దె ఫ్రాన్స్‌కు కొద్ది రోజుల ముందు, అలర్జీ పేరు చెప్పి, అనుమతి తీసుకునే ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకున్నాడు. నిబంధన తప్పలేదు గానీ అతని జట్టు నైతిక గీత దాటిందని 2018 మార్చిలో బ్రిటన్ పార్లమెంటు కమిటీ తేల్చింది. విగ్గిన్స్ ఒప్పుకోలేదు. నన్నడిగితే కమిటీ మాటే సబబు. 2022 నుంచి పోటీ సమయంలో స్టెరాయిడ్ ఇంజెక్షన్లన్నిటినీ వాడా నిషేధించింది కూడా.

ఇన్ని జరిగాయి కాబట్టి అనుమానం పుట్టడం సహజం. అయితే అడగాల్సింది ఏ మందు, ఏ దారిన ఒంట్లోకి వెళ్లింది, ఎంత వెళ్లింది అని. సాల్బుటమాల్ పీల్చుకోవచ్చు. ఇరవై నాలుగు గంటల్లో 1600 మైక్రోగ్రాములు, ఏ 8 గంటల్లోనూ 600 మించకూడదు. మన మందుల షాపుల్లో దొరికే మామూలు ఇన్‌హేలర్ ఒక పఫ్‌కు 100 ఇస్తుంది, అంటే 8 గంటల్లో 6 పఫ్‌ల దాకా ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ అమ్మాయి పీల్చింది రెండు. ఆ మోతాదు మూసుకుపోతున్న గొట్టాలను తెరుస్తుంది, ఆయాసం లేని పిల్లలు మామూలుగా పీల్చే గాలి ఈ పిల్లకూ అందుతుంది. అంతకుమించి కాళ్లకు కొత్త బలం రాదు.

అసలు ప్రమాదం ఎవరూ వేలెత్తి చూపని చోట ఉంది. అదే సాల్బుటమాల్ మాత్రగా మింగితే నిషేధం. ఆసుపత్రిలో పెట్టే నెబ్యులైజర్‌లో ఒక్క విడతకే 2500 మైక్రోగ్రాములు ఉండొచ్చు, అంటే హద్దు దాటిపోతుంది. దగ్గుకని ఇంట్లో పోసే సిరప్‌లలో చాలావాటిలో టెర్బ్యుటలిన్ అనే మందు ఉంటుంది. అది పోటీ ఉన్నా లేకపోయినా, ఎప్పుడూ నిషిద్ధమే. 2016లో బ్రిటన్ రైడర్ సైమన్ యేట్స్ నమూనాలో ఈ మందే బయటపడింది. అతనికున్న ఆయాసానికి జట్టు డాక్టరు అనుమతికి దరఖాస్తు పెట్టలేదంతే, నాలుగు నెలల నిషేధం పడింది. ఇక మన ఊళ్లలో పిల్లాడికి ఆయాసం వస్తే ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్లి ‘ఒక సూది వేయండి’ అనడం మామూలు. ఆ సూదిలో స్టెరాయిడ్ ఉంటే, ఆ వారంలోనే పోటీ పడితే, ఆ పిల్లాడు తెలియకుండానే దోషి అవుతాడు. ఖేలో ఇండియా పోటీల దాకా వెళ్లే పిల్లలకు మన దేశపు డోపింగ్ నిరోధక సంస్థ ‘నాడా’ పరీక్షలుంటాయి. లాయరును పెట్టుకునే స్తోమతు మన రైతుకూలీ ఇంటికి ఎక్కడిది?

ఉబ్బసం మన డెల్టాలో అరుదేమీ కాదు. సార్వా కోతలప్పుడు నూర్పిళ్ల దుమ్ము, తర్వాత గడ్డి కాల్చిన పొగ, రైస్ మిల్లుల ఊక బూడిద, మా అంబాజీపేట వైపు కొబ్బరి పీచు ధూళి. వీటి మధ్యే పిల్లలు పరుగెడతారు, సైకిల్ తొక్కుతారు. ఏటా మృగశిర కార్తెకు హైదరాబాదు చేప మందుకు బయల్దేరే కుటుంబాలు మన వైపు ఇంకా ఉన్నాయి. డాక్టరు రాసిన ఇన్‌హేలర్‌ను ఒప్పించి అలవాటు చేయించడమే మాకు ఇన్నాళ్లూ పెద్ద పని. దానికి దొంగతనం ముద్ర కూడా తగిలితే ఇక ఎవరూ చేతపట్టరు.

జిల్లా క్రీడాధికారులనూ పాఠశాలల క్రీడా నిర్వాహకులనూ నేను కోరేది ఇది. ఎంపిక పోటీలకు ముందే ఏది పీల్చవచ్చో, ఏది మింగకూడదో తెలుగులో ఒక కాగితం వేసి ప్రతి హైస్కూలుకూ పంపండి. దగ్గు సిరప్, ఆయాసం మాత్ర, స్టెరాయిడ్ సూది పేర్లు అందులో పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఆయాసం ఉన్న పిల్లల డాక్టరు చీటీ నకలు పేర్ల నమోదప్పుడే తీసుకోండి. ఫిర్యాదు వస్తే పిల్లని మైదానంలో నిలబెట్టకుండా, గదిలో తల్లిదండ్రులతో మాట్లాడండి. ఆ అమ్మాయి ఫలితం తిరిగి ప్రకటించండి. మీ పత్రిక కూడా ఆ కాగితంలోని వివరాలు ఒకసారి ఆటల పేజీలో వేస్తే మా ఊళ్లో అరుగు మీద చదివి వినిపించే బాధ్యత నాది.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
అంబాజీపేట, కోనసీమ