పే స్లిప్ చదవడం, అప్పు పత్రం చదవడం బడిలోనే నేర్పండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను కాలేజీలో లెక్కలు చెప్పే టీచర్ని. కష్టమైన సమీకరణాలను ఇట్టే సాధించే పిల్లలు మొదటి జీతం రాగానే ఫోన్ చేస్తారు. "సార్, చెప్పిన జీతం ఒకటి, ఖాతాలో పడింది ఇంకొకటి. ఎక్కడ పోయింది?" అని. మొత్తం జీతానికీ చేతికొచ్చే జీతానికీ మధ్య పన్ను, పింఛను నిధి, బీమా లాంటి కోతలు ఉంటాయని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఉద్యోగం ఏడాది మధ్యలో మొదలైతే ఒక్కోసారి కట్టాల్సిన దానికన్నా ఎక్కువ పన్ను కోస్తారు. ఏడాది ఆదాయం, కోసిన పన్ను లెక్క చూపించే పన్ను రిటర్న్ వేస్తే ఆ ఎక్కువ కోసింది వెనక్కి వస్తుంది. ఆ సంగతి తెలియక వదులుకునేవాళ్లు ఉన్నారు.

పన్ను శ్లాబుల మీద, అంటే ఆదాయం పెరిగేకొద్దీ పన్ను రేటు మారే మెట్ల మీద, ఉన్న అపోహ ఇంకా గట్టిది. జీతం పెరిగి పై శ్లాబులోకి వెళ్తే మొత్తం జీతానికీ ఎక్కువ రేటు పడుతుందని చాలామంది నమ్ముతారు. ఉదాహరణకు 3 లక్షల దాకా పన్ను లేదు, ఆ పైన 10 శాతం అనుకుందాం. 3,10,000 సంపాదించినవారు కట్టేది 31,000 కాదు, పైనున్న పది వేల మీద 1,000 మాత్రమే. బోర్డు మీద రెండు గీతలు గీస్తే అర్థమయ్యే విషయం ఇది.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది చదువు అప్పు. పద్దెనిమిదేళ్లకే సంతకం పెట్టిస్తున్నాం. లక్ష అప్పు 10 శాతం వడ్డీకి ఒకేసారి తీసుకుని, నాలుగేళ్లు ఏమీ కట్టకుండా ఉండి, ఏటా వడ్డీ అసలులో కలుస్తూ పోతే, చదువు పూర్తయ్యేసరికి అది 1,46,410 అవుతుంది. దాన్ని అదే వడ్డీకి పదేళ్ల నెల వాయిదాల్లో తీర్చితే కట్టే మొత్తం దాదాపు 2,32,000. చదువుకునేటప్పుడు వాయిదాలు ఉండవన్న మాటను పిల్లలు వడ్డీ ఉండదన్నట్టు వింటారు. తల్లో తండ్రో పక్కన పెట్టే సంతకాన్ని సాక్షి సంతకం అనుకుంటారు. హామీదారుగా సంతకం పెడితే, పిల్లలు కట్టలేనప్పుడు ఆ బాకీ తమ మీద పడుతుందని ఆ పెద్దలకూ తెలియదు.

అప్పులన్నీ ఒకలాంటివి కావు. ఆస్ట్రేలియాలో 1989లో మొదలైన పద్ధతిలో ఆదాయం ఒక స్థాయి దాటాకే ఫీజు బాకీ కట్టడం మొదలవుతుంది. మామూలు బ్యాంకు అప్పుకు ఉద్యోగం వచ్చిందా లేదా అన్నది పట్టదు, గడువు వస్తే వాయిదా కట్టాల్సిందే. ఈ తేడా తెలిసిన పిల్లలు ముందు స్కాలర్‌షిప్పు, ఫీజు రాయితీ వెతికి, మిగిలిన దానికే అప్పు అడుగుతారు.

దీనికి కొత్త సబ్జెక్టు అక్కర్లేదు, పరీక్ష అసలే వద్దు. పరీక్ష పెడితే ఇది కూడా బట్టీ పాఠమైపోతుంది. శాతాలు, చక్రవడ్డీ మనం ఇప్పటికే చెబుతున్నాం. ఆ లెక్కల్లోకి నిజమైన పే స్లిప్పు, నిజమైన అప్పు పత్రం తీసుకురండి చాలు. 15 ఏళ్ల పిల్లలకు పెట్టే అంతర్జాతీయ పీసా పరీక్షలో 2012 నుంచి డబ్బు వ్యవహారాల అవగాహనకు విడిగా ఒక భాగం ఉంది. అందులో చేరాలా వద్దా అన్నది ఆయా దేశాల ఇష్టం. అంటే ఈ వయసు పిల్లలకు ఇది మించిన విషయమేమీ కాదు.

మరో విన్నపం. ఏ చదువు అప్పుకైనా సంతకానికి ముందు ఒక పేజీ కాగితం ఇవ్వడం తప్పనిసరి చేయించండి. తీసుకునేది ఎంత, చదువు పూర్తయ్యేనాటికి ఎంతవుతుంది, నెలకు ఎంత, చివరికి మొత్తం ఎంత, కట్టలేకపోతే ఎవరిని అడుగుతారు: ఇవి పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఆ కాగితాన్ని విద్యార్థి ఇంటికి తీసుకెళ్లి పెద్దలతో మాట్లాడుకోవడానికి కనీసం వారం గడువు ఇవ్వాలి. బ్యాంకులు మీ శాఖ కిందకు రావని తెలుసు. ఆర్థిక శాఖతో మీరు మాట్లాడితే జరిగే పనే ఇది.

పాఠాల నమూనా తయారు చేయడానికి మాలాంటి టీచర్లను పిలిస్తే సెలవుల్లో వచ్చి పనిచేస్తాం.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్