శాసనసభకో గడువు, పంచాయతీకో గడువా?

తెలంగాణ పంచాయతీరాజ్ శాఖ మంత్రి గారికి,

శాసనసభ గడువు గురించి రాజ్యాంగం 172వ అధికరణ చెప్పిందే, పంచాయతీ గడువు గురించి 243ఇ అధికరణా చెప్పింది: తొలి సమావేశం నుంచి ఐదేళ్లు, అంతకు మించి వీల్లేదు. గడువు తీరకముందే ఎన్నిక పూర్తి కావాలని కూడా 243ఇలో ఉంది.

2019లో ఎన్నికైన సర్పంచుల గడువు 2024 ఫిబ్రవరి 1తో తీరింది. మళ్లీ పోలింగ్ 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో. నడుమ 22 నెలలు ఎన్నికైనవారి స్థానంలో ప్రభుత్వం నియమించిన ప్రత్యేకాధికారులే. శాసనసభ లేకుండా 22 రోజులు గడిచినా రాష్ట్రం అట్టుడికేది. పంచాయతీల విషయంలో ఎవరూ ఉలిక్కిపడలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011–13లో ఇంతే, ఆంధ్రప్రదేశ్‌లో 2018–21లోనూ ఇంతే. తప్పు కాస్తా ఆనవాయితీ అయి కూర్చుంది.

జనానికి రాజకీయం నేర్పేది ఈ ఆనవాయితీయే. ఊరి బోరు మోటారు కాలిపోయిందనుకోండి. ప్రత్యేకాధికారికి సొంత శాఖ పని ఉంటుంది, ఈ ఊరు అదనపు బరువు. ఆయన సంతకం పడితేగానీ చెక్కు కదలదు. ఎన్నికైన పాలకవర్గం లేదని, కేంద్రం నుంచి రావాల్సిన 15వ ఆర్థిక సంఘం నిధులూ ఆగిపోయాయి. ఇక మిగిలింది ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసు. గ్రామసభలో నిలదీయాల్సిన మనిషి అక్కడ దరఖాస్తు పట్టుకుని వరుసలో నిలబడతాడు. అతనికి ఆసక్తి లేదనకండి: డిసెంబరులో మూడు విడతల్లోనూ పోలింగ్ 80 శాతం దాటింది.

జాప్యానికి బీసీ రిజర్వేషన్లను కారణంగా చూపారు. బీసీల వెనుకబాటును పరిశీలించే ప్రత్యేక కమిషన్, ఏ స్థానిక సంస్థలో ఎంత కోటానో సంస్థలవారీ లెక్కలు, అన్ని రిజర్వేషన్లూ కలిపి 50 శాతం పరిమితి అనే మూడు షరతులను సుప్రీంకోర్టు 2021లోనే స్పష్టం చేసింది. బీసీలకు 42 శాతం కోటా ఇచ్చే జీవో మాత్రం 2025 సెప్టెంబరు చివర్లో వచ్చింది. అక్టోబరు 9న హైకోర్టు స్టే ఇచ్చింది. కోటా న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. గడువు తీరిన ఇరవై నెలలకు జీవో ఏమిటన్నదే మా ప్రశ్న.

ఇప్పుడున్న పాలకవర్గాల గడువు 2030 డిసెంబరుతో తీరుతుంది. అక్కడి నుంచి వెనక్కి లెక్కేయండి. నామినేషన్లకు, పోలింగ్‌కు కలిపి నెల. ఓటర్ల జాబితాను వార్డులవారీగా విడగొట్టి అభ్యంతరాలు తీసుకోవడానికి రెండు నెలలు. రిజర్వేషన్లపై పడే వ్యాజ్యాలకు తక్కువలో తక్కువ ఆరు నెలలు. అంటే 2030 మార్చికల్లా రిజర్వేషన్ల గెజిట్, 2029లోనే ఆ ప్రత్యేక కమిషన్ నివేదిక రావాలి. 2027 జనగణనలో కులాల లెక్కా తీస్తున్నారు కాబట్టి సమాచారం లేదనే సాకు ఈసారి చెల్లదు.

ఈ తేదీల పట్టికను ఈ ఏడాదే ప్రకటించి, ప్రతి పంచాయతీ నోటీసు బోర్డుకూ అతికించండి. ఏ తేదీ తప్పినా, ఎందుకు తప్పిందో శాసనసభలో చెప్పండి.

ఇట్లు,
పంచాయతీ చట్టాలపై పనిచేస్తున్న కొందరం