అన్నం తగ్గించు, కానీ డాక్టరుకి చెప్పి తగ్గించు

చిన్నోడా,

నిన్న ఫోన్లో పక్కన అమ్మ ఉందని ఎక్కువ మాట్లాడలేకపోయాను, అందుకే రాస్తున్నాను. నీ మూడు నెలల సగటు షుగర్ (HbA1c) 7.4 వచ్చిందని నువ్వు మామూలుగానే చెప్పావు గానీ, నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. ముప్పై ఆరేళ్ళకే! మీ తాతయ్యకి అరవై దాటాక వచ్చింది, నాకు యాభై రెండులో. ఇంట్లో ఉన్న రోగమని తెలిసి కూడా, ముప్పై దాటగానే టెస్టు చేయించుకోరా అని నీకు గట్టిగా చెప్పలేదు. అది నా తప్పు.

సోమవారం నుంచి అన్నం పూర్తిగా మానేశానన్నావు, ఏవో వీడియోలు చూసి. మాత్రలు మాత్రం అవే వేసుకుంటున్నావు. కోడలు చీటీ ఫొటో పంపింది, అందులో గ్లిమిపిరైడ్ చూశాక నాకు టెన్షన్ పట్టుకుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఇంత కంగారు పడను, ఒక్క దానితోనే షుగర్ మరీ కిందికి పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్ అలా కాదు, నువ్వు తిన్నా తినకపోయినా ఒంట్లో ఇన్సులిన్ వదిలిస్తూనే ఉంటుంది. నువ్వు రోజూ తినే తిండికి సరిపడా ఆ డోసు రాసి ఉంటారు. తిండి తీసేసి డోసు అలాగే ఉంచితే ఏమవుతుందో నాకు తెలుసు.

నువ్వు పూణెలో ఉన్నప్పటి సంగతి, నీకు చెప్పొద్దని అమ్మ దగ్గర మాట తీసుకున్నాను. అప్పుడు నేనూ ఇలాగే ఒక్కసారిగా అన్నం మానేసి, రెండు గుడ్లు తిని మాత్ర వేసుకుని పొలం వెళ్ళాను. పదకొండింటికి గట్టు మీద నడుస్తుంటే చేతులు వణికాయి, చొక్కా తడిసిపోయేంత చెమట, ఎదురుగా ఉన్న మనిషి పేరు కూడా గుర్తు రాలేదు. నాట్లు వేసే వాళ్ళు టీలో పంచదార ఎక్కువ వేసి తాగించారు. ఇంటికొచ్చి మీటర్‌తో చూసుకుంటే షుగర్ అప్పటికీ 61. డెబ్భై కన్నా తగ్గితే చాలు, ప్రమాదమే. తిండి తగ్గిస్తే మాత్ర కూడా తగ్గించాలని నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. నువ్వు బండి మీద ఫ్లైఓవర్ ఎక్కేవాడివి, అందుకే నా భయం.

తగ్గించొద్దని కాదు. తగ్గించే తీరాలి, నాకు మూడు నెలల షుగర్ 8.6 నుంచి 6.5కి వచ్చింది అన్నం తగ్గించాకే. వంద గ్రాముల అన్నంలో దాదాపు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, మనం పళ్ళెం నిండా పెట్టుకునేది మూడొందల గ్రాములకి తక్కువుండదు, అంటే పదిహేను చెంచాల పైన పంచదార తిన్నట్టే లెక్క. నలభై ఏళ్ళు స్వర్ణ పండించినవాణ్ణి, ఈ మాట రాయడానికి నాకే కష్టంగా ఉంది. తెలంగాణ సోనాని షుగర్ ఉన్నవాళ్ళ బియ్యమని అమ్ముతున్నారు, దాని గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక షుగర్ ఎంత త్వరగా పెరుగుతుందో చెప్పే లెక్క, తక్కువన్నది నిజమే, అలాగని మూడుసార్లు వడ్డించుకుంటే అదీ అన్నమే. రాగి సంకటి, జొన్నరొట్టె కూడా అంతే. పీచు ఎక్కువే గానీ పిండికి తక్కువ లేదు.

నేను చేసింది ఇది. ముందు కూర, తర్వాత అన్నం. ఆనపకాయో, బీరకాయో, గోంగూరో కప్పు నిండా తిని, చేపో గుడ్డో ముద్దపప్పో పెట్టుకుని, చివర్లో గుప్పెడు అన్నం పెరుగుతో. ఆ గుప్పెడు అన్నం ఉండబట్టే ఇన్నేళ్ళు నిలబడ్డాను. పొద్దున నాలుగు ఇడ్లీలు మాని ఒక పెసరట్టు, ఉప్మా లేకుండా. మొదటి పది రోజులు తలనొప్పి, నీరసం ఉన్నాయి, తర్వాత పోయాయి. మొదటి ముద్ద తిన్న రెండు గంటలకి మీటర్‌తో చూసుకుని పుస్తకంలో రాసుకో. ఏది నీ ఒంటికి పడుతుందో వీడియో కన్నా ఆ పుస్తకమే సరిగ్గా చెబుతుంది.

ఇంకో మాట. ముందు ముందు డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్ర రాస్తే, అన్నం బాగా తగ్గించానని తప్పకుండా చెప్పు. ఆ మాత్రతో పిండిపదార్థం మరీ తగ్గిస్తే, షుగర్ మామూలుగానే కనిపిస్తున్నా ఒంట్లో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు తయారయ్యే ఆమ్లాలు) పెరిగి ఆసుపత్రిలో పడే ప్రమాదం ఉంది.

రేపే డాక్టరుకి ఫోన్ చేసి, ఇంత అన్నం తగ్గించాను, గ్లిమిపిరైడ్ ఏం చేయమంటారు అని అడుగు. వాళ్ళు చెప్పేదాకా అన్నం పూర్తిగా మానకు, మాత్ర నీ అంతట నువ్వు ఆపకు. జేబులో గ్లూకోజ్ పొడి ప్యాకెట్ పెట్టుకో. వణుకు వస్తే మూడు చెంచాలు నీళ్ళలో కలిపి తాగి, పావుగంట కూర్చుని మళ్ళీ చూసుకో, బండి మాత్రం ముట్టుకోకు. కోడలికి కూడా ఇదంతా చెప్పి ఉంచు, ఆ టైములో నీకు నువ్వు చేసుకోలేకపోవచ్చు.

డాక్టరు ఏమన్నదీ రేపు రాత్రి ఫోన్ చేసి చెప్పు. తొమ్మిది దాటినా మెలకువగానే ఉంటాను.

మీ నాన్న