ఓవర్‌ఫ్లో పెట్టించుకున్న 11 ఇళ్లవాళ్లకు

నమస్కారం అండీ. ఏడాదిన్నరగా మన షాపులో పీవీసీ పైపులతో చేసిన ఓవర్‌ఫ్లో సెట్టు 11 మంది తీసుకున్నారు. అక్వేరియం అద్దానికి రంధ్రం వేయకుండా, నీళ్లను అంచు దాటించి కింద క్యాబినెట్‌లో ఉన్న సంపులోకి, అంటే నీళ్లను వడకట్టే తొట్టిలోకి దించే పైపు అది. సంపులో శుభ్రమైన నీటిని మోటారు మళ్లీ పైకి ఎక్కిస్తుంది. పదిహేను రోజుల కిందట మీలో ఒకరి ఇంట్లో అర్ధరాత్రి ట్యాంకు పొంగింది. ఆయనది రెండో అంతస్తు. కింది ఇంటివాళ్ల సీలింగ్ తడిసి పెచ్చులు ఊడాయి. ఆస్కార్ చేపలకు ఏమీ కాలేదు. తప్పు సెట్టుది, దాన్ని చేసింది నేను. సీలింగ్ ఖర్చు ఇచ్చేశాను. మిగతా పది ఇళ్లలో ఇలా జరగకముందే విషయం మొత్తం మీకు చెప్పాలి.

బిగించిన రోజు మీ అందరి ముందూ మోటారు ఆపి, మళ్లీ వేసి మూడుసార్లు చూపించాను. కరెంటు పోయినా పైపు రెండు కొసలూ నీళ్లలో మునిగే ఉంటాయి కాబట్టి లోపలికి గాలి పోదు, కరెంటు రాగానే నీళ్లు వాటంతట అవే దిగుతాయి అన్నాను. అది నిజమే, ఇప్పటికీ నిజమే. కానీ నేను భయపడింది కరెంటు కోతకు ఒక్కదానికే. కరెంటు ఉండగానే సైఫన్, అంటే పైపు నిండుగా అంచు దాటి సాగే నీటి ధార తెగితే ఏమవుతుందో ఒక్క ఇంట్లో కూడా పరీక్ష చేయలేదు.

ఆ రోజు జరిగింది అదే. పైపు ట్యాంకు అంచు దాటే చోట తిరగేసిన యూ ఆకారంలో ఉంటుంది. ఆ మలుపులో చిన్న చిన్న బుడగలు చేరతాయి. నీళ్లు వేగంగా పోతుంటే బుడగల్ని తమతో పాటే కిందికి లాక్కుపోతాయి. మెల్లగా పోతుంటే అవి అక్కడే ఉండి ఒకటితో ఒకటి కలిసి పెద్దవవుతాయి. లావు పైపు అయితే నీళ్లు ఇబ్బంది లేకుండా పోతాయని నేను అంగుళంపావు పైపు వాడాను. పొరపాటు అక్కడే మొదలైంది. మోటారు అంతే ఉండి పైపు లావైతే నీటి వేగం పడిపోతుంది.

ఆయన ఇంటికి వెళ్లి మోటారును కడగకుండానే కొలిచాను. కొత్తలో 10 లీటర్ల బకెట్ 36 సెకన్లలో నిండేది, అంటే గంటకు 1000 లీటర్లు. ఆ రోజు 70 సెకన్లు పట్టింది. మోటారు స్పాంజి నిండా మడ్డి ఉంది. పైగా గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ సరిగ్గా ఓవర్‌ఫ్లో నోటి కింద ఉంది, బుడగలు నేరుగా పైపులోకి పోతున్నాయి. ఆయన్ని నేను ఏమీ అనను. అక్కడ పెట్టకూడదని నేను చెప్పలేదు.

అనుమానం తీరక షాపులో అదే సెట్టుకు మలుపు దగ్గర పారదర్శకమైన గొట్టం పెట్టి, మోటారు వేగం తగ్గించి చూశాను. మొదటి రోజు శనగగింజంత బుడగ. నాలుగో రోజుకు పైపులో సగం. ఆరో రోజు తెల్లవారుజామున గుటగుటమని చప్పుడొచ్చి సైఫన్ తెగింది. అప్పుడు నేను దగ్గరే ఉన్నాను కాబట్టి మోటారు ఆపగలిగాను.

ఇక ఎన్ని నీళ్లు బయటికి వచ్చాయన్నది చిన్న లెక్క. నాలుగు అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ట్యాంకులో ఒక అంగుళం ఎత్తుకు దాదాపు 14 లీటర్లు పడతాయి. ఆయన ట్యాంకులో పైన ఖాళీ అంగుళమే ఉంది. సంపులో మోటారు గదిలో తోడగలిగే నీళ్లు 30 లీటర్ల దాకా ఉన్నాయి. అంటే 16 లీటర్లు నేల మీదికి. మోటారు గదిని అంత పెద్దగా కట్టింది కూడా నేనే, రోజూ నీళ్లు పోసే పని తగ్గుతుందని.

కాబట్టి దయచేసి ఈ రోజే ఒక పని చేయండి. ఎయిర్ స్టోన్‌ను ఓవర్‌ఫ్లోకి దూరంగా జరపండి. మోటారు స్పాంజి కడగండి. తర్వాత మోటారు నడుస్తుండగా, మలుపు మీద ఉన్న చిన్న గాలి గొట్టం మూత తీయండి. సైఫన్ తెగుతుంది. తువ్వాళ్లు దగ్గర పెట్టుకుని, చెయ్యి స్విచ్ మీద ఉంచి చూడండి. ట్యాంకు అంచు దాకా రాకముందే మోటారు గది ఖాళీ కావాలి. కాకపోతే ఆ గదిలో నీళ్లు తగ్గించి మళ్లీ చూడండి. ఆ ట్యాంకుకైతే 4 అంగుళాల నీళ్లు చాలు. ఎండాకాలం రోజూ పోయాల్సి వస్తుంది, కష్టమే, కానీ నేను వచ్చేదాకా అలాగే ఉంచండి.

ఈ సెట్లు ఇక అమ్మను. మీలో తొమ్మిది మందివి మనం మామూలు గ్లాసుతో కట్టిన ట్యాంకులు. వాటి వెనక అద్దానికి పై భాగంలో రెండు రంధ్రాలు వేసి, పైపులు తగిలించే ట్యాంక్ నిపుల్స్ బిగిస్తాను. ఒకటి రోజూ నడవడానికి, రెండోది కాస్త ఎత్తులో, మొదటిది మూసుకుపోతే కాపాడడానికి. దీనిలో సైఫన్‌తో పని లేదు, నీళ్లు బరువుకే దిగుతాయి. ఖర్చు నాదే. ఇద్దరివి కంపెనీ ట్యాంకులు, టఫెన్డ్ గ్లాసు. డ్రిల్ తగిలితే అద్దం మొత్తం ముక్కలవుతుంది. వాళ్లకు సంపు తీసేసి క్యానిస్టర్ ఫిల్టర్, అంటే మూత బిగించి ఉండే డబ్బా ఫిల్టర్ పెడతాను. సెట్టుకు తీసుకున్న డబ్బంతా దాని ధరలో తగ్గిస్తాను. ఫిల్టర్ మొత్తం ఉచితంగా ఇచ్చే స్తోమత నాకు లేదండీ, క్షమించండి.

సోమవారం మొదలుపెడతాను. పై అంతస్తుల్లో ఉన్నవాళ్ల ఇళ్లకు ముందు వస్తాను, రోజుకు ఒక్క ఇల్లే. ముందు రోజు చేపలకు మేత వేయకండి. ఫిల్టర్ స్పాంజిలు మాత్రం కుళాయి నీళ్లతో కడగకండి, ట్యాంకు నీళ్లలోనే నానబెట్టి ఉంచుదాం. సగం నీళ్లు పట్టే డ్రమ్మో, రెండు పెద్ద టబ్బులో సిద్ధంగా ఉంచితే చాలు, మిగతావి నేను తెచ్చుకుంటాను.