పరీక్ష దశలోనే ఇసుకను తూచండి: కేంద్ర పెట్రోలియం శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పెట్రోలియం, సహజవాయువు శాఖ మంత్రి గారికి నమస్కారములతో,

నేను కోనసీమలో పుట్టి, కృష్ణా గోదావరి బేసిన్ బావుల మీద కాయిల్డ్ ట్యూబింగ్ (రీలుకు చుట్టిన ఉక్కు గొట్టాన్ని బావిలోకి దింపడం), ప్రొడక్షన్ టెస్టింగ్ (ఉత్పత్తి పరీక్ష) పనులు చేస్తూ కుటుంబాన్ని పోషించుకుంటున్నవాణ్ణి. బావిని పరీక్షించేటప్పుడు గ్యాస్‌తో పాటు పైకి వచ్చే ఇసుకను ప్రతి దశలోనూ కొలిచి, తూచి, ఆ అంకెను నివేదికలో తప్పనిసరిగా రాయించాలన్న ఒక్క విన్నపంతో ఈ లేఖ రాస్తున్నాను.

కొత్తగా పూర్తయిన బావి ఎంత ఇవ్వగలదో తేల్చడానికి చోక్‌ను (ప్రవాహాన్ని అదుపు చేసే సన్నని రంధ్రం గల భాగాన్ని) కొద్దికొద్దిగా పెంచుతూ, ఒక్కొక్క దశలో కొన్ని గంటలు ప్రవహింపజేసి, సెపరేటర్‌లో గ్యాస్, చమురు, నీరు వేరుచేసి కొలుస్తాము. చోక్ రంధ్రాన్ని అంగుళంలో 64వ వంతుల్లో చెప్పుకుంటాము. 24 అంటే మూడు ఎనిమిదో వంతుల అంగుళం. రంధ్రం పెరిగేకొద్దీ బావి అడుగున పీడనం తగ్గి, బలహీనంగా అతుక్కుని ఉన్న ఇసుకరాయి పొర మీద లాగుడు పెరుగుతుంది. దానికి నీరు కూడా తోడైతే రేణువులను పట్టి ఉంచే బంధం సడలి, ఇసుక కదులుతుంది. అలా కదిలిన ఇసుక గ్యాస్ వేగంతో వచ్చి గొట్టం మలుపును తాకుతుంది. వేగం రెట్టింపయితే అరుగుదల రెట్టింపుతో ఆగదు, ఐదు రెట్లు దాటుతుంది. అందుకే నాలుగు గంటల పాటు నిర్దోషంగా కనిపించిన బావి, చోక్‌ను ఒక మెట్టు పెంచగానే ప్రమాదకరంగా మారవచ్చు.

కొన్నేళ్ల క్రితం ఒక పరీక్షలో నేను రాత్రి షిఫ్టులో ఉన్నాను. 24 మీద తీసిన నమూనాను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే గాజు గొట్టం కొనలో సన్నటి బూడిద రంగు గీత నిలిచింది. వేళ్ల మధ్య నలిపితే గరగరలాడింది. నివేదికలో ఆ గడి ఎదురుగా ‘ఆనవాలు మాత్రమే’ అని రాశారు. ఆ మాట అబద్ధం కాదు, కానీ దానికి బరువు లేదు, కొలత లేదు. తెల్లవారకముందే చోక్‌ను 32కు పెంచమన్నారు, పెంచాము. మూడో రోజు ఉదయం చోక్ తర్వాతి ఎల్బో (గొట్టం మలుపు) నుంచి ఈల లాంటి శబ్దం వచ్చింది. బియ్యపు గింజంత రంధ్రం పడి, గ్యాస్ బయటికి చిమ్ముతోంది. అత్యవసర వాల్వు మూయడంతో ఎవరికీ ఏమీ కాలేదు. తరువాత విప్పి చూస్తే ఆ ఎల్బో లోపలి గోడ వంపు బయటి వైపున కాగితంలా పలుచబడి ఉంది, ఎదురు వైపున కొత్తదానిలా ఉంది. దాన్ని చేతిలో పట్టుకున్నప్పుడు కలిగిన భయం ఈనాటికీ నన్ను వదల్లేదు.

ఆ బావిలోకి రెండు నెలలకే మళ్లీ కాయిల్ దింపవలసి వచ్చింది, ఎందుకంటే పడిన ఇసుక పేరుకుని పెర్ఫొరేషన్లను (గ్యాస్ బావిలోకి వచ్చే రంధ్రాలను) కప్పేసింది. నైట్రోజన్ నురుగుతో దాన్ని కడిగి పైకి తెచ్చాము. కాయిల్‌తో ఇసుక కడగడం మాకు జీవనోపాధే అయినా, అది నివారణ కాదని చెప్పడం నా బాధ్యత. ఒక్కసారి దిగి పైకి వచ్చేలోపు ఆ ఉక్కు గొట్టం రీలు దగ్గర, మెడ వంపు దగ్గర వంగడం, తిన్నగా కావడం కలిపి ఆరుసార్లు జరుగుతుంది, దాని ఆయుష్షు అంతమేరకు తరుగుతుంది. గ్రావెల్ ప్యాక్ (ఇసుకను ఆపే గులకరాళ్ల పొర) గానీ, జల్లెడ గొట్టాలు గానీ మొదటే అమర్చడానికి ఖర్చు ఎక్కువ, కొంత ఉత్పత్తి కూడా తగ్గుతుంది. అయినా అవి అవసరమా కాదా అని తేల్చే అంకె పరీక్ష దశలోనే దొరుకుతుంది. ఆ అంకెనే మనం తీసుకోవడం లేదు.

ఇసుక ఎంత నష్టం చేయగలదో మన తీరమే చూసింది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైన కేజీ-డీ6 (కృష్ణా గోదావరి బేసిన్ సముద్ర గ్యాస్ బ్లాక్) లోని డీ1, డీ3 క్షేత్రాలు మరుసటి ఏడాది రోజుకు 60 మిలియన్ ఘనపు మీటర్లు దాటిన తరువాత, నీరు, ఇసుక చొరబడి బావులు ఒక్కొక్కటిగా మూతపడి, 2020 ఫిబ్రవరిలో పూర్తిగా ఆగిపోయాయి. అది సముద్రగర్భం, మా బావులు కొబ్బరి తోటల మధ్య, ఇళ్లకు కూతవేటు దూరంలో ఉన్నాయి. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడి బావిలో ఎగసిన మంట 65 రోజులు ఆరలేదు. 2014 జూన్ 27న నగరం అనే కోనసీమ ఊరిలో గ్యాస్ గొట్టం పేలి ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ రెండింటికీ ఇసుక కారణం కాదు, నేను ఆ మాట అనడం లేదు. కానీ నగరం ఊరిలో తుప్పు తిన్న గొట్టం గోడ పలుచబడిన సంగతి పైనున్న మనుషులకు తెలియలేదు. ఇసుక తినే గొట్టం విషయంలోనూ ఇదే జరుగుతుంది.

కనుక మీ శాఖ కిందనున్న చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్, హైడ్రోకార్బన్స్ డైరెక్టరేట్ జనరల్ కలిసి ఒక నిబంధన తీసుకురావాలని కోరుతున్నాను. చోక్ మార్చిన ప్రతిసారీ శాండ్ ఫిల్టర్‌లో పట్టిన ఇసుకను ఆరబెట్టి గ్రాముల్లో తూచాలి, మలుపుల దగ్గర ధ్వని సెన్సర్ ఉంచాలి, పరీక్షకు ముందూ తరువాతా గొట్టం మందాన్ని కొలవాలి. ‘ఆనవాలు’ అన్న మాటను నివేదికలో అంగీకరించకూడదు. ఆ బావి ఇసుక లేకుండా ఇవ్వగల గరిష్ఠ ప్రవాహాన్ని రాతపూర్వకంగా నిర్ణయించి, దానిని దాటాలంటే కారణం రాసి సంతకం చేసే అధికారి ఎవరో తెలియజేయాలి. నివాసాలకు దగ్గరగా ఉన్న బావుల విషయంలో ఆ ఒక్క పేజీని తెలుగులో పంచాయతీ కార్యాలయానికి ఇవ్వాలి. ఈ పనికి కావలసిన పరికరాలు ఇప్పటికే మా సామాను పెట్టెల్లో ఉన్నాయి. పరీక్ష ఒక పూట ఎక్కువ పడుతుంది, అంతే.

భవదీయుడు,
కోనసీమకు చెందిన ఒక బావి సేవల ఉద్యోగి